నా వాక్యం, వాడి ఆమెన్

సెల్‌ఫోను ఇంకా పాస్టరుగారి చొక్కా జేబు దాటి మాలాంటివాళ్ల చేతుల్లోకి రాని ఆ రోజుల్లో, తాడేపల్లిగూడెంలో యౌవనస్థులమైన మాకు భక్తి ఎంత ఉండేదో చెప్పలేనుగానీ, ఆవేశం మాత్రం అప్పుడే గాలి కొట్టించిన సైకిల్ టైరులా బిగిసి ఉండేది. ఇప్పుడు ఏలూరు నుంచి భీమడోలు వెళ్లాలన్నా బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుందా అని చూసుకునే నేను, ఆనాడు గూడెంలో బయలుదేరి కొల్లేటి లంకల మీదుగా ఏలూరు దాకా సైకిల్ మీద సువార్త యాత్ర చేస్తానని సంఘం ముందు లేచి ప్రకటించాను. ఆ యాత్రలో మొదటి రోజే నాకు జరిగిన అన్యాయం ఇన్నేళ్లలో ఎవరికి చెప్పినా నవ్వారే తప్ప ఒక్కరూ అయ్యో అనలేదు. మీరైనా న్యాయం పక్షాన నిలబడతారని రాస్తున్నాను.

నాతో వచ్చినవాణ్ణి మా సంఘంలో ఆమెన్ బాబు అనేవారు. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, వెనక వరస నుంచి "ఆమెన్!" అని కేకేసేవాడు. సంఘమంతా అలవాటు కొద్దీ అందుకునేది, ప్రార్థన అక్కడితో అయిపోయేది. (పాస్టరుగారు వాణ్ణి చాలాసార్లు గద్దించారు. ఆదివారం ఇంట్లో కోడికూర పెట్టుకుని వచ్చినవాళ్లు మాత్రం వాణ్ణి లోలోపల దీవించేవారని నా అనుమానం.) నేనలా కాదు. దారిలో ఒక లంక ఊళ్లో చిన్న సంఘంవారు మొదటి రోజు మధ్యాహ్నపు కూడికలో నన్ను వాక్యం చెప్పమన్నారు, అంటే ప్రసంగం. నా జీవితంలో మొట్టమొదటి వాక్యం! కరువు కాలంలో, ఇంట్లో మిగిలిన పిడికెడు పిండితో, చుక్క నూనెతో, అడిగిన ప్రవక్తకు రొట్టె కాల్చిపెట్టిన విధవరాలి గురించి. కాగితం చూసి చెబితే ఆత్మ పనిచెయ్యదని నమ్మేవాణ్ణి కనుక మొత్తం కంఠస్థం చేశాను. అది చాలదన్నట్టు, ముందురోజు కూడికలో మోకరించి అందరూ వినేలా మొక్కుకున్నాను: "ప్రభువా, సంఘం ఎదుట నా నోటితో నీ వాక్యం చెప్పేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను." అందరూ వినేలా అనడమే కొంప ముంచింది.

తెల్లవారి బయలుదేరి ఉంగుటూరు చేరేసరికి ఆమెన్ బాబు సైకిల్ దానంతటదే వాళ్ల పిన్నిగారింటి వైపు తిరిగింది. విశ్వాసుల ఇంటికి సువార్తకు వెళ్లేవాళ్లు వస్తే ప్రార్థన చెయ్యకుండా కదలకూడదు, ఆ ఇంటివాళ్లు ఏదో ఒకటి పెట్టకుండా కదలనివ్వరు. "వందనాలు బాబూ, రండి రండి. మీరు ప్రార్థన చేస్తూండండి, ఈలోగా అట్లు పోసేస్తాను" అందావిడ. నేను కళ్లు మూసుకుని ఆ ఇంటి కోసం, వాళ్ల గేదెల కోసం, పొట్ట మీదున్న దాళ్వా చేల కోసం ప్రార్థిస్తూ ఊళ్లోని రోగుల దగ్గరికి వచ్చేసరికి వంటింట్లోంచి పెసరట్టు వాసన వచ్చింది. "ఆమెన్!" అన్నాడు వాడు. "వీడు ఉపవాసం పిన్నీ. వీడివి కూడా నాకే వేసెయ్." ఆవిడ నా వంక జాలిగా చూసి, "అయ్యో, ఎంత భక్తి నాయనా నీకు!" అంటూ అట్టు వాడి పళ్లెంలో వేసింది. భీమడోలులో ఇంకో విశ్వాసి ఇంట్లో రొయ్యల వేపుడు దగ్గరా అంతే. భక్తి నాకూ, వేపుడు వాడికీ! రైల్వే గేటు పడితే ఆ కాసేపట్లోనే జామకాయలు కొని, ఉప్పూకారం అద్దుకుని, నా చెవి పక్కన కరకరలాడించాడు. "తినేవాణ్ణి చూస్తే ఆకలి తగ్గుతుందిరా" అని పైగా ఓదార్పొకటి.

అక్కణ్ణుంచి కొల్లేటి వైపు తిరిగామో లేదో పైరగాలి ఎదురుకొట్టడం మొదలుపెట్టింది. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో గట్టు మీద రోడ్డు, తలదాచుకోవడానికి చెట్టన్నది లేదు. "నువ్వు ముందు తొక్కరా, నీ మీద ఆత్మ ఉంది. నా మీద భోజనం ఉంది" అంటూ వాడు నా వెనక చేరాడు. నా వీపు చాటున గాలి తగలకుండా హాయిగా తొక్కుతున్నాడని నాకు తర్వాతగానీ తట్టలేదు. ఆకలి మరిచిపోవడానికి నేను నా వాక్యం మొదటినుంచీ చివరిదాకా, మళ్లీ మొదటినుంచీ, గొంతెత్తి చెప్పుకుంటూ తొక్కాను. గట్టు దిగి నీళ్లలో పడుకున్న గేదెలు తలెత్తి శ్రద్ధగా విన్నాయి. నేను అరిచిన ప్రతి మాటనూ ఆ గాలి తీసుకెళ్లి సరిగ్గా వెనకున్న వాడి చెవిలో పోసింది.

ఎలాగో లంక చేరాం. గుడి అంటే రేకుల షెడ్డు. మైకు హారను ఊరివైపు తిప్పి కట్టారు. సంఘపెద్ద నన్ను పరిచయం చేసి, "అయ్యగారు గూడెం నుంచి ఉపవాసంతో సైకిల్ తొక్కుకుంటూ వచ్చారండీ" అనగానే ఆడవాళ్లు ముసుగులు సర్దుకున్నారు. నేను మైకు ముందు నిలబడి, కళ్లు మూసి, నోరు తెరిచాను. ముల్లు దిగిన ట్యూబులోంచి వచ్చినట్టు ఉస్సుమని గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ గాలే. దారంతా గాలికీ గేదెలకూ ధారపోసిన గొంతు సంఘానికి మిగల్లేదు. ఎవరో మంచినీళ్లిచ్చారు. ఆమెన్ బాబు లేచి, నా భుజం మీద చెయ్యేసి, మైకు తన వైపు వంచుకున్నాడు. "ప్రియులారా, మావాడి గొంతును సాతాను బంధించాడు. భారం నా మీద పడింది."

ఇక చూడండి! నా విధవరాలు, నా పిండి, నా నూనె, ఒక్కటి వదలకుండా చెప్పేశాడు. కాలువ వంతెన ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చి "ఆ తల్లి..." అని నేను ఆగిపోయిన చోట వాడూ ఆగాడు. అది ఆత్మావేశమనుకుని సంఘమంతా కళ్లు తుడుచుకుంది! వాడు సొంతంగా చేర్చింది ఒక్కటే, చివర్లో: "ఆ తల్లి ముందుగా సేవకుడికే పెట్టిందమ్మా, మరచిపోకండి." నలుగురు ఆడవాళ్లు వెంటనే లేచి వంట దగ్గరికి పరుగెత్తారు.

విస్తళ్లు వేశారు. వేడన్నం, కొరమేను పులుసు. నా చెయ్యి ముందుకు వెళ్లబోయి ఆగిపోయింది. మొక్కుబడి! నా నోటితో నేను చెప్పలేదు కదా! "దారంతా చెప్పావు కదరా, తినెయ్" అన్నాడు ఆమెన్ బాబు ముద్ద కలుపుతూ. నేను పీలగా, "గేదెలు సంఘం కాదు" అన్నాను. "మరి నేను విన్నానుగా?" "నువ్వు దొంగతనంగా విన్నావు!" సంఘపెద్ద గంభీరంగా తలూపాడు. "మొక్కుబడంటే మొక్కుబడేనండి. రేపు ఏలూరు కూడికలో చెప్పాకే తినండి బాబూ." రేపు! నా విస్తరి మీద ఈగ వాలింది.

అప్పుడు పులుసు గిన్నెతో మామ్మగారొకావిడ వచ్చింది. పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గరున్నది ఆవిడే. సంగతి విని గిన్నె కింద పెట్టింది. "నాకు వాక్యం ఎక్కడ వినపడిందండీ? హారను అటు తిప్పారు, పొగ ఇటు తిప్పారు. నాకు చెప్పు నాయనా." సంఘపెద్ద సందేహించాడు. "ఒక్కరైతే సంఘం ఎలాగవుద్ది మామ్మా? ఇద్దరన్నా ఉండాలి కదా." ఆమెన్ బాబు విస్తరి ఎత్తుకుని వచ్చి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. "రెండోవాణ్ణి నేనున్నానండీ. చెప్పరా."

పొయ్యి పక్కన కూర్చుని, ఆవిడ చెవి దగ్గర గుసగుసగా నా మొదటి వాక్యం చెప్పాను. ఆవిడ నిజంగా విన్నది. "అడగడానికి ఆ అయ్యకెంత మొగమాటమేసిందో పాపం" అంది మధ్యలో. నేను "ఆ తల్లి..." అని ఆగిన వంతెన చోటు దాటి, తొట్టిలో పిండి తరగని చోటికి వచ్చి, ఊపిరి కోసం ఆగాను.

"ఆమెన్!" అన్నాడు వాడు. "ఆమెన్" అంది మామ్మగారు, అలవాటు కొద్దీ. మరుక్షణం నా విస్తట్లో అన్నం పడింది. ఇంకా మూడు అంశాలూ ముగింపు ప్రార్థనా మిగిలి ఉన్నాయి! నా ఆకలి చూడలేక అన్నాడా, మామ్మగారు గరిటె పట్టుకుంటేగానీ తనకు మారు వడ్డన రాదని అన్నాడా అన్నది నాకిప్పటికీ తేలలేదు. అడిగితే నవ్వుతాడు.

ఆమెన్ బాబు ఇప్పుడు ఏలూరులో మా పాస్టరుగారు. (ఇప్పుడు మీరు అనే అంటాను, రాతలో కోపం కొద్దీ నోరు జారింది.) ఏడాదికొకసారైనా ఆ విధవరాలి వాక్యం చెబుతారు. "ఆ తల్లి..." అని ఈనాటికీ అక్కడే ఆగుతారు. సంఘం కళ్లు తుడుచుకుంటుంది. నాకు మాత్రం ఆ కాలువ వంతెన ఎత్తు పిక్కల్లో తెలుస్తుంది, ఎదురుగాలిలో గొంతు చించుకుంటున్న ఆ బక్క కుర్రాడు కనిపిస్తాడు. అది నా ఆయాసమండీ, నాది, అని లేచి అరవాలనిపిస్తుంది. అరవను. వెనక వరసలో కూర్చుని, ఆయన మళ్లీ ఊపిరి తీసుకునేదాకా ఆగి, గట్టిగా "ఆమెన్!" అంటాను.