ముక్కు కొలవబోయి కండువా కప్పించుకున్న వైనం

ఒక ముక్కు మూలంగా నా పేరు, నా స్ట్రిప్పు, మా ఆవిడ దగ్గర మిగిలిన కాస్త మర్యాద ఒకే సాయంత్రం ఎలా మంటగలిశాయో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

అప్పట్లో నేనొక దినపత్రికలో 'గోడమీది పిల్లి' అనే కార్టూన్ స్ట్రిప్పు వేసేవాణ్ణి. రోజూ మూడు గళ్ళు, ఒక గోడ, దానిమీద ఒక పిల్లి. పార్టీలు మారే నాయకులను చూసి అది మూతి తిప్పుకుంటుంది. ఒక గుర్తుమీద గెలిచి ఇంకో గుర్తు కిందికి దూరేవాడు ముందు పదవి వదలాలి, లేదా కనీసం సిగ్గుపడాలి. నా రాజకీయమంతా ఇంతే. నేను ఏ పార్టీవాణ్ణీ కాదు. సభల్లో ఇచ్చే నీళ్ళ సీసామీద నాయకుడి బొమ్మ ఉంటే, నాలుక పిడచకట్టుకుపోయినా ముట్టుకునేవాణ్ణి కాను. అంత నిష్ఠ! చదివేవాళ్ళు నా పిల్లిని నమ్మేవారంటే దానివల్లే.

అలాంటి రోజుల్లో మా ప్రాంతపు నాయకుడు నర్సింగన్న శంషాబాద్ విమానాశ్రయం పక్కన కొత్వాల్‌గూడ దగ్గర సభ పెట్టాడు. ఆయన ముక్కు మామూలు ముక్కు కాదు. పందిరికి వేలాడే సొరకాయలా నోటిమీదికి దిగి ఉంటుంది. ఫోటోలు చూసి ఎన్నిసార్లు గీసినా నాకు వంకాయే వచ్చేది. మా వీధిలో టీ కొట్టు నడిపే యాదగిరి ఆయనకు వీరభక్తుడు. "నా ఎంబడి రా అన్నా, ముందట కుర్చీల కూసోబెడ్త. మంచిగ చూసి గీస్కో" అన్నాడు.

మా ఆవిడ శారద గుమ్మానికి అడ్డం నిలబడింది. "పెన్సిలు పట్టుకుంటే మీకు ఒళ్ళు తెలియదండీ. ఇంట్లోనే కూర్చుని గీసుకోండి."

"ముక్కు గీయడానికే వెళుతున్నానే, యుద్ధానికి కాదు!" అని చెప్పులేసుకున్నాను.

బొమ్మలు గీసేవాళ్ళకు ఒక అలవాటుంది. చెయ్యి బారుగా చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, బొటనవేలితో కొలత తీస్తారు. ముఖంలో ముక్కు ఎన్నోవంతో అలా తేలుతుంది. వేదిక ఎత్తుగా ఉంది కాబట్టి నా చెయ్యి కూడా బాగా పైకే లేచింది. సరిగ్గా అప్పుడే నర్సింగన్న మైకులో ఏదో అడిగాడు. సరిగ్గా అప్పుడే ఒక విమానం మా నెత్తిమీదుగా దిగింది. ఆ రొదలో పక్కవాడి తుమ్ము కూడా వినబడదు.

ఆయన అడిగింది "మన పార్టీలకు ఎవరెవరు వస్తరో చేతులు లేపుండ్రి" అని తర్వాత తెలిసింది. చేరడానికి వచ్చినవాళ్ళకు ముందే చెప్పి ఉంచారు కనుక వినబడకపోయినా ఎత్తారు. నాకు చెప్పినవాడు లేడు. నేను ఒంటికన్నుతో సొరకాయ తొడిమ దగ్గరున్నాను.

"అన్నా! నువ్వు గూడనా?" అని యాదగిరి ఎగిరి గంతేసి నా రెక్క పట్టుకున్నాడు.

"ఉండవయ్యా, కింది సగం మిగిలింది."

"గీడికెంచి ఏం కనవడ్తది? పైకి రా, దగ్గరికెళ్ళి చూస్కో!"

నిజమే కదా అనిపించింది. చూడండి నా తెలివి! శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. నేను పడలేదు. మెట్లెక్కి వెళ్ళి మరీ దూకాను.

నర్సింగన్న నన్ను కావలించుకున్నాడు. "ఇన్నొద్దులు నన్ను మస్తు గీకినవ్. ఇగ మనింటోడివైనవ్!"

"అయ్యా, నేను ముక్కు కోసం..."

"ఏం పరేషాన్ గాకు. అన్నీ నేను చూస్కుంట" అని మెడలో కండువా వేశాడు. చప్పట్లు, ఫోటోలు, పైన ఇంకో విమానం. నా మాట నాకే వినబడలేదు.

మర్నాడు మా పత్రికలోనే 'ప్రముఖ కార్టూనిస్టు చేరిక' అని నా ఫోటో వచ్చింది. సరిగ్గా దాని కిందే నా స్ట్రిప్పు. మేము వారం ముందే గీసి పంపేస్తాం, ఆపడానికి వీల్లేదు. అందులో పిల్లి అంటోంది: "కండువా చెమట తుడుచుకోవడానికనుకున్నా. సిగ్గు తుడుచుకోవడానికా!"

శారద పేపరు చాలాసేపు చూసింది. "ఫోటోలో ఒక కన్ను మూసుకున్నారేమండీ?"

"కండువా వేస్తున్నప్పుడు కూడా కొలతే తీస్తున్నానే."

"రెండోదీ మూసుకోవాల్సింది. నిద్రలో చేరారని చెప్పుకునేదాన్ని."

టీ కొట్టుకు వెళితే అక్కడున్నవాళ్ళంతా లేచి కుర్చీ ఇచ్చారు. "నేను చేరలేదయ్యా!" అని మొత్తుకున్నాను.

యాదగిరి ఓదార్పుగా టీ అందించాడు. "మొదట్ల అందరు గట్లనే అంటరన్నా. జర ఆగు, అలవాటైతది."

ఎడిటర్ గారికి ఫోన్ చేసి, ఖండన వేయమని ప్రాధేయపడ్డాను. "వేస్తే మళ్ళీ పార్టీ మారావంటారయ్యా" అన్నారాయన. ఆ వారమే గోడ కూల్చేశారు. నన్ను పిల్లల పేజీకి మార్చి, 'తేడాలు కనుక్కోండి' బొమ్మ వేయమన్నారు. నిజం చెబుతున్నా, ఆ రోజు అన్నం సహించలేదు. అన్నేళ్ళు పెంచిన పిల్లి!

పిల్లల బొమ్మే కదా అని వేదికమీద ఇద్దరు నాయకులను గీశాను. ఇద్దరివీ వేరువేరు పార్టీలు. బొమ్మ అచ్చయ్యాక ఎడిటర్ గారు ఫోన్ చేశారు.

"ఆరు తేడాలు పెట్టావా?"

"పెట్టాను సార్."

"పిల్లలందరూ ఒకటే ఉందంటున్నారు. కండువా రంగు."

బొమ్మ తీసి చూసుకున్నాను. పిల్లలే కరెక్టు. నా చేతికి ఆ సొరకాయ అలవాటైపోయి ఇద్దరికీ అదే ముక్కు, అదే నవ్వు, అదే దండం పెట్టేశాను. జీవితంలో నేను వేసిన ఒకే ఒక్క నిజమైన రాజకీయ కార్టూన్ అది. దానితో ఆ పేజీ కూడా పోయింది.

ఇప్పుడు ఒక పిల్లల పత్రికకు చుక్కలు కలిపే బొమ్మలు వేస్తున్నాను. కలిపితే పిల్లి వస్తుంది. గోడకు మాత్రం చుక్కలు పెట్టనివ్వరు.

కాబట్టి పాఠక మహాశయులారా, విరిగిన నా పెన్సిలు ముల్లుమీద ఒట్టు. ఈ జన్మలో ఎవరి ముక్కూ కొలవను. చెయ్యి భుజం దాటి పైకెత్తను. శంషాబాద్ బస్టాపులో బస్సు వస్తున్నా సరే ఎత్తను. అందుకే రోజూ నడిచే వెళుతున్నాను.