పట్టాల మీద ఒక్క ఠంగు

నా ఆఖరి పోస్టింగు విశాఖలో, పోర్టు పక్కనున్న ఒక సరుకు రవాణా సంస్థ వర్క్‌షాపులో, ఫోర్‌మన్‌గా. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుందనగా మేనేజరుగారు పిలిచి, తాను నడిపే పాత అంబాసిడర్ సైలెన్సర్ పని నాకు అప్పజెప్పారు. సంస్థ పుట్టినప్పుడు కొన్న కారు అది. ఉప్పుగాలికి పొగగొట్టం జల్లెడైపోయింది. వన్ టౌన్ సందుల్లో స్టార్ట్ చేస్తే మా షాపు దాకా వినపడేది.

"రోడ్డు మీద పరువు పోతోందండీ. చీమ చిటుక్కుమనకూడదు" అన్నారాయన.

పిల్లికి చెలగాటం, ఎలకకు ప్రాణసంకటం. ఇక్కడ ఎలక మా వెల్డరు సన్యాసి. హార్బరు నుంచి కవళ్ల చేపలు తెచ్చి, ఉప్పూకారం పట్టించి, ఇనప ప్లేటు కింద గ్యాసు మంట పెట్టి కాల్చేవాడు. ఆహా, ఆ రుచి ఇంట్లో పెనానికెక్కడిది! షాపులో వంట నిషేధం, కాదనను. అందుకే కారు గోల వినపడగానే ప్లేటు బెంచీ కిందికి, చేపలు టూల్‌బాక్సులోకి పోయేవి. మేనేజరుగారు దిగేసరికి అందరం స్పానర్లు పట్టుకుని మహా శ్రద్ధగా ఉండేవాళ్లం. ఆయన ఆటోలో వచ్చిన రెండుసార్లూ సన్యాసి దొరికిపోయి మెమోలు తిన్నాడు. మూడోది పడితే ఉద్యోగం ఊడుతుంది.

కొత్త గొట్టం స్టెయిన్‌లెస్ స్టీలుది వెయ్యాలనుకున్నాం. దాన్ని అతకడానికి ఆర్గాన్ వెల్డింగు కావాలి. షాపులో అది వచ్చినవాడు సన్యాసి ఒక్కడే.

"ఏటి బాబూ, నా మెడకి ఉరి నన్నే పేనమంతన్నారా? ఆ గోల నేకపోతే నాను బతకనేను!" అని లబోదిబోమన్నాడు.

పని పనే అన్నాను, ఫోర్‌మన్ గొంతు పెట్టి. ఇంజను ఊగులాటకి గొట్టం పగలకుండా దాని మొదట్లో వంగే ముక్క ఒకటి వేశాం. క్లాంపులు తీసేసి బోల్టులతో బిగించే ఫ్లాంజిలు పెట్టాం. సైలెన్సర్ కాస్త పెద్దది వేసి, మొత్తం రబ్బరు పట్టీలకు వేలాడదీశాం. సన్యాసి అతుకులు ముద్దొచ్చేలా ఉన్నాయి. ఇంజను నడుస్తోందో లేదో బానెట్ మీద చెయ్యి పెట్టి చూసుకోవాల్సొచ్చింది. నేను మురిసిపోయాను. సన్యాసి మొహంలోనూ దిగులు మచ్చుకైనా లేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మర్నాడు కవళ్లు సగం కాలాయో లేదో, గేటు ముందున్న పోర్టు రైలు పట్టాల మీద కారు ఠంగుమంది. సన్యాసి తాపీగా ప్లేటు బెంచీ కిందికి తోశాడు. మేనేజరుగారు దిగి, ఆ చప్పుడేమిటో చూడమన్నారు.

కారు కింద దూరాను. వెనక ఇరుసుకీ దాని పైనుంచి పోయే గొట్టానికీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. దొంగవెధవ ఒక్క వేలే ఉంచాడు! మామూలు రోడ్డు మీద తగలదు. జోరుగా పట్టాలు దాటితే ఇరుసు ఎగిరి గొట్టాన్ని కొడుతుంది. పట్టీ మారిస్తే సరిపోయేదే. కానీ కాలిన కవళ్ల వాసన ముక్కుకి కొడుతోంది. బయటికొచ్చి చొక్కా దులుపుకుని, "లోపం పట్టాల్లో ఉంది సార్" అన్నాను.

ఆయన తలూపి లోపలికి పోయారు. ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ అదే ఠంగు, అవే కవళ్లు. సన్యాసికి మూడో మెమో రాలేదు.

నా రిటైర్మెంటు నాడు మేనేజరుగారు ఆ కారులోనే నన్ను పెందుర్తిలో ఇంటికి దిగబెట్టడానికి బయల్దేరారు. గేటు దాటాక బ్రేకు మీద కాలేసి, పట్టాలు మెల్లగా దాటించారు. కారు కిక్కురుమనలేదు. నేను నోరెళ్లబెట్టాను.

"స్లో చేస్తే రాదని నాకూ తెలుసండీ. వచ్చేటప్పుడు కావాలనే తొక్కేవాణ్ణి. మూడో మెమో రాస్తే అలాంటి వెల్డరు మళ్లీ దొరుకుతాడా?" అన్నారాయన.

పై అధికారి కాస్త చప్పుడు చేసుకుంటూ రావడం కూడా అజమాయిషీలో భాగమే. ఇన్నేళ్లు ఫోర్‌మన్‌గిరీ వెలగబెట్టినా, ఆ సంగతి నాకు ఉద్యోగం దిగిపోయాకే తెలిసింది.