మా ఆవిడ తెరిచిన రూటు

మా ఆవిడ బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టుతో మంచం మీదే ఉండాల్సి వచ్చింది. అప్పుడు ఆమె ఫోనులో విమానాల ఆట ఎక్కించి ఇచ్చింది నేనే. పొద్దుపోవడానికని చెప్పాను. అసలు సంగతి వేరు. ఆ ఆటలో మూడేళ్ళుగా నేను నడుపుతున్న విమాన కంపెనీని ఆమె చూడాలి, మెచ్చుకోవాలి అని నా కోరిక.

కొత్తగూడెంలో బొగ్గు లారీలను తూకం వేసే కాటా దగ్గర నేను గుమాస్తాను. ఆటలో మాత్రం నాకు నలభై విమానాలుండేవి. ఏ ఊరికి నడపాలో, ఎంత పెద్ద విమానం వేయాలో, టికెట్ ఎంత పెట్టాలో అంతా మనమే చూసుకోవాలి. ఒకరి ముఖం ఒకరికి తెలియని ఇరవై మందిమి ఒక కూటమిగా ఆడేవాళ్ళం. మాలో మాకు పోట్లాటలు రాకుండా నియమాలు పెట్టుకున్నాం. ఒక రూటులో ఇద్దరికి మించి నడపకూడదు. ముందు తెరిచినవాళ్ళను అడగకుండా రెండోవాళ్ళు దిగకూడదు. పక్కవాణ్ణి దెబ్బతీయడానికి ధర మరీ దించకూడదు. ఒక మనిషికి ఒకటే కంపెనీ. ఈ నియమాలు రాసిపెట్టింది నేనే కాబట్టి ఏ తగాదా వచ్చినా నన్నే అడిగేవాళ్ళు.

"పెద్ద ఊర్లన్నీ మీ కూటమోళ్ళే పంచుకున్నరు గదా, ఇగ నాకేం మిగిలింది?" అంది మా ఆవిడ మొదటిరోజే.

"చిన్న చిన్న దీవులున్నయ్, తీసుకో" అన్నాను నవ్వుతూ.

ఆమె నిజంగానే తీసుకుంది. ఆమెది పినపాక వైపు. వాళ్ళ నాన్న బస్సు కండక్టరుగా చేశాడు. అడవి లోపలి ఊళ్ళకు రోజుకు రెండుసార్లే పోయే బస్సు ఎందుకు కిటకిటలాడుతుందో ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇరవై సీట్ల విమానాలు కొని, ఎవరూ పట్టించుకోని దీవులకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసింది. అన్నీ నిండాయి. కాలి కట్టు విప్పేనాటికి ఆమెను కూటమిలో చేర్చుకున్నారు. వానలు మొదలయ్యేసరికి, ఎవరి కంపెనీ ఎంత ముందుందో చూపే పట్టికలో నాకంటే మూడు మెట్లు పైన ఉంది.

కూటమిలో ఒకాయన "మీ దగ్గర నేర్చుకోవాలి మేడం" అని ఆమెకు రాశాడు. మూడేళ్ళలో నాతో ఎవరూ ఆ మాట అనలేదు. అన్నం తింటుంటే అదే గుర్తొచ్చేది. ఆమె కుంటుకుంటూ వచ్చి "ఇయ్యాల గూడ నిండింది" అంటే, "మంచిది" అనేవాణ్ణి. లోపల మాత్రం ఒక్కటైనా ఖాళీగా పోతే బాగుండనిపించేది. భార్యను చూసి కుళ్ళుకుంటున్నానని ఒప్పుకోలేక, ఆమెది ఉత్త అదృష్టమని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ఆఫీసు డ్రాయరులో నా పాత ఫోను ఒకటి పడి ఉండేది. ఒక మధ్యాహ్నం లారీలు లేని వేళ అందులో దొంగపేరుతో ఇంకో కంపెనీ తెరిచాను. ఆమె అన్నిటికంటే ఇష్టంగా చూసుకునే దీవి రూటులో పెద్ద విమానం దించి, ధర సగానికి తగ్గించాను. వారం తిరగకుండా ఆమె విమానాలు ఖాళీ అయ్యాయి.

"ఎవడో నా రూట్ల జొచ్చిండు. అడగలే, చెప్పలే. గిట్ల చేస్తరా ఎవరన్నా?" అని నా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "నువ్వు పెద్దమనిషివి గదా, వానికి నువ్వన్న రాయి."

రాశాను. ఇది న్యాయమైన పోటీ కాదు, దయచేసి తప్పుకోండి అని నాకు నేనే ఉత్తరం రాసుకుని, ఆమెకు చూపించాను. ఆమె చదివి "మంచిగ రాసినవ్" అంది. అప్పుడైనా ఆపేయాల్సింది. ఆపలేదు. మర్నాడు ధర ఇంకొంచెం దించాను.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం, నేను పేపరు చదువుతుంటే ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. చేతిలో చిన్న పుస్తకం ఉంది. వాడు ధర మార్చినప్పుడల్లా టైము రాసుకుందట.

"వాడు ఎప్పుడు మార్చినా నీ డ్యూటీ టైమే. ఆదివారం మాత్రం ధర ముట్టడు" అంది. "ఆదివారం నువ్వు ఇంట్ల ఉంటవ్. నువ్వేనా?"

"అవ్" అన్నాను.

"ఎందుకు?"

"ఓర్వలేక."

ఆమె అరవలేదు. పుస్తకం మూసింది. "రూటు పోతే పోయింది. నీ దగ్గర కూసోని ఏడ్చిన గదా, అప్పుడన్న చెప్పొద్దా?" అని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు టీ ఇస్తూ ఒక్కటే అంది: "కూటమోళ్ళకు నువ్వే చెప్పు."

అందరికీ జరిగింది జరిగినట్టు రాశాను. దొంగ కంపెనీ మూసేయించారు. నెలరోజులు కొత్త రూటు తెరవొద్దన్నారు. తగాదాలు తీర్చే పని నా నుంచి తీసేసి ఆమెకిచ్చారు. నా తరఫున ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పని ఒప్పుకుని, నియమాల కింద ఇంకొకటి చేర్చింది: ఒకే ఇంట్లో ఇద్దరు ఆడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. అది చదివినప్పుడు నా చెవులు వేడెక్కాయి.

నెల గడిచాక ఆ దీవి రూటులో నాకూ చోటివ్వమని ఇంట్లోనే అడిగాను. "నియమం ప్రకారం రాసి పెట్టు" అంది. రాశాను. ఒకే ఇంట్లో ఉంటూ మూడు రోజులు జవాబు కోసం ఎదురుచూశాను. పొద్దున, సాయంత్రం ఆమెవి, మధ్యాహ్నం నాది, ధర ఇద్దరిదీ ఒకటే అని ఒప్పుకుంది.

మొన్న ఆమె చుట్టాల పెళ్ళికి చండ్రుగొండ వెళ్ళింది. నా మధ్యాహ్నం విమానం సగమే నిండుతోందని ఫోను చేసి చెప్పాను. "గంట ఎనకకు జరిపి చూడు" అంది. జరిపాను, నిండింది. సంతోషమేసింది. ఆమె చెప్పినందుకే నిండిందని కొంచెం మండింది కూడా. ఈసారి ఆ రెండో మాట కూడా ఫోనులోనే చెప్పేశాను.