గోరుచిక్కుళ్లతో వల్లె వేసిన లాటిన్

ఇలా దగ్గరగా జరిగి కూచోండి, కాళ్లు చాపుకున్నా ఏమీ అనుకోను. మా మనవరాలి లాటిన్ చదువు సంగతి చెబుతాను.

మేముండేది దేశంకాని దేశంలో, బిషాన్ అనే పేటలో, తొమ్మిదో అంతస్తు. పిల్ల యూనివర్సిటీలో లాటిన్ తీసుకుంది. వచ్చే ఏడు గ్రీకు కూడా చదవాలని దాని ఆశ. ఇప్పుడెవరూ మాట్లాడని పాత భాషలట అవి. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే మా అబ్బాయికి ఇది మింగుడుపడలేదు. "ఈ పరీక్ష పోయిందా, కంప్యూటర్స్‌లోకి మారిపోవాలి," అని తేల్చేశాడు.

ఆ పరీక్షలో ఇరవై లైన్ల పద్యం చూడకుండా అప్పజెప్పాలి. పిల్ల సగం దాకా వచ్చి ఆగిపోయేది. కళ్లనీళ్లు పెట్టుకుని, "నా వల్ల కాదు లా, నాయనమ్మా," అంది, ఇక్కడివాళ్లలాగే మాట చివర ఓ 'లా' తగిలించి.

నేను చదివింది మూడో క్లాసు. కానీ పెళ్లిపాటలు ఎన్నొచ్చో నాకే తెలియదు. అన్నీ మా అమ్మ పక్కన కూరలు బాగుచేస్తూ నేర్చినవే. అందుకని గోరుచిక్కుళ్ల పళ్లెం దాని ముందు పెట్టాను.

"కాయకో ముక్క చెప్పు. నీ వెనకే నేనూ అంటాను. తప్పితే మళ్లీ మొదటికి."

"నీకు అర్థం కాదుగా?"

"పెళ్లిలో పంతులుగారు చదివేది నీకు అర్థమవుతుందేమిటే?"

వారం రోజులూ ఇంట్లో గోరుచిక్కుడు కూరే. "అమ్మా, మార్కెట్లో ఇంకేం దొరకట్లేదా?" అని మా అబ్బాయి గోల.

శుక్రవారం పొద్దున్నే దీపం పెట్టి, కళ్లు మూసుకుని లక్ష్మీస్తోత్రం అందుకున్నాను. నాలుగు ముక్కలయ్యాక నోటికి లాటిన్ వచ్చేసింది! నాకు తెలియనే లేదు, గడగడా పోతున్నాను. వెనకనుంచి పిల్ల, "నాయనమ్మా, ఒక లైను మింగేశావ్!" అని, అక్కణ్ణుంచి తనే అందుకుని చివరిదాకా చెప్పేసింది. చేతిలో పుస్తకం లేదు, కాయలూ లేవు.

ఆఫీసుకు బయల్దేరిన మా అబ్బాయి గుమ్మంలో నిలబడిపోయాడు. "అమ్మవారికి ఏం చదువుతున్నావమ్మా?"

నేను లెంపలేసుకున్నాను. పిల్ల నవ్వుతూ అర్థం చెప్పింది. ఓడెక్కిన కొడుకు కోసం ఒక తల్లి రోజూ దీపం పెట్టి, మెల్లగా వీచమని గాలిని బతిమాలుకుంటోందట.

వాడు చేతిలో బూట్లు పక్కన పెట్టి, "మొదట్నుంచి చెప్పు తల్లీ, వింటాను," అని కింద కూచున్నాడు.

పరీక్షలో రెండుచోట్ల తడబడిందిట గానీ, గట్టెక్కింది. గ్రీకు పుస్తకం మా అబ్బాయే కొనుక్కొచ్చి దాని బల్లమీద పెట్టాడు. పెట్టేముందు నాలుగు పేజీలు తిప్పిచూడటం నేను చూశాను.

మీ ఇంట్లో పిల్లలు కూడా మనసైన చదువే చదువుకోవాలి. వాళ్లు అప్పజెబుతుంటే వినే తీరిక మీకుండాలి. మీ ఇల్లు పదికాలాలపాటు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.