ఉమ్ అల్ క్వైన్‌లో మొలకెత్తిన బార్లీ

జనవరిలో ఒక ఆదివారం, పొద్దున ఏడింటికి దుబాయ్ జెబెల్ అలీలోని మా లేబర్ క్యాంపు నుంచి బయలుదేరాను. మా చెల్లెలి భర్త రాజేశం ఉమ్ అల్ క్వైన్‌లో ఒక మేకల ఫారం చూసుకుంటాడు. చేత్తో తిప్పే పిండి మిషన్ ఒకటి కొని తెమ్మని అడిగాడు. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, మాల్టు పిండి చేసి చుట్టుపక్కల పనివాళ్లకు అమ్ముతాడట. ఊళ్లో ఉన్న మా చెల్లె లావణ్యకూ అదే చెప్పాడు. మందు మానేసి దారిన పడ్డాడని ఆమె ఫోన్‌లో ఒకటే మురిసిపోయింది. ఆ మురిపెం కోసమే నా సెలవు రోజు వదులుకున్నాను.

కంపెనీ బస్సు మెట్రో దగ్గర దింపింది. యూనియన్ స్టేషన్‌లో దిగి నైఫ్ బజారు దాకా నడిచాను. ఇరుకు సందులోని పాత్రల దుకాణంలో మిషన్ దొరికింది. చూడడానికి చిన్నదే, ఎత్తితే ఇనుప ముద్ద. పరాటా, చాయ్ కానిచ్చి మళ్లీ యూనియన్‌కు వచ్చి అజ్మాన్ బస్సెక్కాను. కొత్తగా వెళ్లేవాళ్లు బస్సు కార్డులో డబ్బులు చూసుకుని మరీ ఎక్కండి.

పక్క సీట్లో కడప నుంచి వచ్చిన మస్తాన్ భాయ్, టైలరు. "ఏముండాదన్నా ఆ సంచిలో, ఒళ్లో బిడ్డ మాదిరి పెట్టుకున్యావు?" అన్నాడు. చెప్పాను. "మొలకలకు ఈ చలే మంచిది. ఎండాకాలమైతే ఈడ కుళ్లి కంపు కొడతాయి" అన్నాడు. మా రాజేశం తెలివైనవాడేనని గర్వపడ్డాను కూడా.

అజ్మాన్‌లో మరో ఇద్దరితో కలిసి టాక్సీ మాట్లాడుకున్నాను. పదకొండు దాటాక పెద్ద రోడ్డు పక్కన దిగి, భుజం మార్చుకుంటూ ఇసుక దారిలో ఫారం చేరాను. రేకుల గది ముందు రాజేశం ఎదురొచ్చి సంచి అందుకున్నాడు.

గదిలో తడి గోనెల మీద గింజలు పరిచి ఉన్నాయి. ప్రతి గింజకూ తెల్లని వేళ్లు. అవి రాగులు కావు, బార్లీ. కఫీల్, అంటే ఫారం యజమాని, తెచ్చిపెట్టిన మేకల దాణా. రాజేశం ఉషారుగా చెప్పుకుపోయాడు. "రాత్రంత నానవెట్టి నీళ్లు వంపేసిన. వేడెక్కకుండ పొద్దుమాపు తిప్పుతున్న. ఇగ ఎండబోసి, వేళ్లు నలిపి తీసేస్తె అయిపాయె. మిషన్ల బరకగ పట్టాలె, పిండి చెయ్యొద్దు."

"రాగులేవి?" అన్నాను.

నవ్వాడు. "రాగులు ఎవరికి గావాలె బావా? ఇది బీరుకు."

గది వెనక నీలం డ్రమ్ము చూపించాడు. మొదటి విడత గింజల్ని రాయితో దంచి, కాచి, పులియబెట్టాడట. మూత కింద నురగ, పుల్లటి వాసన.

"సిగ్గున్నదా నీకు? కఫీల్ మేకల దాణా దొంగిలించి బీరు కాస్తవా? పోలీసులు పట్టుకుంటె జైలు, ఆ మీద ఇంటికి పంపుడు. నా చెల్లెకు నేనేం జెప్పాలె?"

"నేను తాగుత లేను, ఒట్టు. ఈ మేకలతోని మాట్లాడి మాట్లాడి పిచ్చి లేస్తున్నది బావా. దీనికోసమన్న నలుగురు మనుషులొచ్చి కూసుంటున్నరు."

అతని గొంతులో అబద్ధం లేదు. అందుకే నాకు ఇంకా మండింది. తోడు కావాలని అడిగితే ఉత్త చేతులతో వచ్చేవాణ్ని కదా!

అంతలో పికప్ శబ్దం. కఫీల్. ముసలాయన కర్ర పట్టుకుని నేరుగా గదిలోకే వచ్చాడు. గోనెల వైపు చూపించి ఏమిటని హిందీలో అడిగాడు. రాజేశం నా వైపు చూశాడు. "బక్రీ కే లియే" అన్నాను నేను. మేకల కోసమని. ఆయన గుప్పెడు మొలకలు తీసి వాసన చూసి, దొడ్లో వేశాడు. మేకలు ఎగబడ్డాయి. "జైన్, జైన్!" అని మెచ్చుకుని, ఇకనుంచి రోజూ ఇలాగే చేయమని రాజేశం వీపు తట్టి వెళ్లిపోయాడు. గది వెనక్కి నాలుగడుగులు వేసి ఉంటే డ్రమ్ము కనిపించేది. నమ్మే మనిషికి అబద్ధం చెప్పించాడు రాజేశం నా చేత.

డ్రమ్ము నేనే ఇసుకలోకి బోర్లించాను. రాజేశం అడ్డు రాలేదు. గోడకానుకుని చూస్తూ నిలబడ్డాడు. అన్నం వండానన్నాడు, నేను తినలేదు. "సాయంత్రం లోపల లావణ్యకు నువ్వే చెప్పు. లేకుంటె నేను చెప్త" అని మిషన్ సంచి మళ్లీ భుజానికెత్తుకున్నాను. రోడ్డు దాకా నా వెనకే వచ్చాడు.

అజ్మాన్‌లో దుబాయ్ బస్సు కోసం క్యూలో ఉండగా అతనే ఫోన్ చేశాడు.

"చెప్పిన బావా."

"ఏమన్నది?"

"ఏమనలే. తిట్టుడు లేదు, ఏడ్సుడు లేదు. ఫోన్ పెట్టేసింది. మల్ల చేస్తె ఎత్తుత లేదు."

వచ్చే ఐతారం వస్తావా అని అడిగాడు. తెలియదన్నాను. బస్సొచ్చింది, ఎక్కాను.

ఉమ్ అల్ క్వైన్ అందమైన ఊరని వెళ్లొచ్చినవాళ్లంతా అంటారు. మడ చెట్ల మధ్య నీలంగా సముద్రపు పాయ ఉంటుందట, పక్షులు వాలతాయట. ఉండే ఉంటాయి. నేను మాత్రం ఒక గది, ఒక డ్రమ్ము, ఒక మూర్ఖుణ్ని చూసి వచ్చాను.