అరచెయ్యి కింద కదలని పేజీ

మా కూడికకు వెబ్‌సైటు చేసిచ్చిన సహోదరి గడచిన గురువారం ఉదయం ప్రభువునందు నిద్రించింది. ముప్పై ఆరేళ్ళు. రక్తంలో జబ్బు అన్నారు, మూడు నెలలకే తీసుకుపోయింది. "అప్పా, పాప పోయింది" అని వాళ్ళమ్మ ఒక్క మాట చెప్పి ఫోను పెట్టేసింది. కూడికలో వాక్యం చెప్పే నేను ఆ వేళ అత్తిబెలె ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిలో ఉన్నాను. మిషను ఆపి, చేతుల నూనె కూడా తుడుచుకోకుండా నిలబడిపోయాను.

మీలో చాలామంది ఆమె ముఖం ఎరగరు. ఈ మాటలు మీరు చదువుతున్నది మాత్రం ఆమె చేసిన పేజీలోనే.

దొడ్డబళ్ళాపురం మగ్గాల ఇంటి పిల్ల. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక కంపెనీలో ట్యాబులకు తగ్గట్టు వెబ్‌సైట్లు డిజైన్ చేసేది. మా పెద్దవాళ్ళకు ఫోనులో అక్షరం ఆనదు, ట్యాబులు తెచ్చుకునేవాళ్ళు. వాళ్ళ కోసం పాటలూ వాక్యభాగాలూ ఒకచోట పెడతానంది. "ఫోను చేత్తో పట్టుకునేదన్నా, ట్యాబు ఒళ్ళో పెట్టుకునేది. రెండూ ఒకటి కాదు" అనేది. పేజీ తెరిచిన ట్యాబు ఎవరి చేతికైనా ఇచ్చి, తన చేతులు రెండూ తొడల కింద దోపుకుని కూర్చునేది. "లేకపోతే నేనే నొక్కి చూపిస్తానన్నా. నేను లేనప్పుడు ఎవరు చూపిస్తారు?"

ఒక ఆదివారం నేను మైకులో ప్రార్థన చేస్తున్నాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆమె ఒక్కతే కళ్ళు తెరిచి, పక్కవాళ్ళ చేతులు చూసుకుంటూ పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. నాకు నిప్పు రేగింది. "దేవుని సన్నిధిలో ఆఫీసు పని చేసుకునేవాళ్ళు బయటికి నడవండి!" అని మైకులోనే గద్దించాను. తలలన్నీ తిరిగాయి. ఆమె మారు మాట్లాడకుండా లేచి, బయట మెట్ల మీద కూర్చుంది.

కూడిక ముగిశాక వెళ్ళాను, ఇంకో నాలుగు మాటలు అనడానికే. ఆమె నవ్వింది.

"అన్నా, నా కండ్లు తెరిచినట్టు మూసుకున్న నీ కండ్లకు ఎట్ల కనిపించింది?"

అప్పుడు చెప్పింది. మనవాళ్ళు ప్రార్థించేటప్పుడు తెరిచిన వాక్యం మీద అరచెయ్యి ఆనిస్తారు. కాగితం మీద అలవాటు, ట్యాబు మీదా అంతే. చెయ్యి తగలగానే పేజీ జారి ఇంకెక్కడికో పోతుంది. ముందు వరస అవ్వ ట్యాబు తేవడమే మానేసింది.

"ఎందుకవ్వా అంటే, 'నేను చెయ్యి పెడితే వాక్యం పారిపోతా ఉండాది, నాలో ఏం పాపముండాదో' అని ఏడిసిందన్నా. ఎవరూ అట్ల చెయ్యి పెట్టరనుకొని నేను పేజీ చేసినా. తప్పు చేతిది కాదు, పేజీది."

మరుసటి ఆదివారానికి సరిచేసింది. ఒక్క వేలితో తడితేనే పేజీ కదులుతుంది. అరచెయ్యి మొత్తం ఆనిస్తే ఉన్నచోటే ఉంటుంది. అవ్వ పదిసార్లు చెయ్యి పెట్టి, తీసి చూసుకుంది.

గద్దించిన ఆ రోజు మెట్ల మీదే క్షమించమన్నాను. "మైకులో కూడా చెప్తానమ్మా" అన్నాను. "అదంతా ఎందుకన్నా, ఉండనీ" అంది. ఆ మాట నాకు సుఖంగా తోచింది. వినండి, సహోదరులారా! కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమని ఎన్నిసార్లు కేకలు వేసి బోధించానో! గద్దింపు మైకులో, క్షమాపణ మెట్ల మీద. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఏడాది గడిపాను. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా, నువ్వు కోలుకుని వస్తే అందరి ముందూ చెప్తానన్నాను. ఆమె కళ్ళు మూసుకుని తల ఊపింది.

మొన్న ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో చెప్పాను. అందరి ముందు, అదే మైకులో, ఏదీ దాచకుండా. "ఆ రోజు బయటికి పోవలసింది నేను" అన్నాను.

ముందు చాప మీద కూర్చున్న వాళ్ళమ్మ తలెత్తింది.

"పాప ఉండంగ చెప్పింటే బాగుండు కదప్పా."

నలభై ఏళ్ళుగా దేనికైనా వాక్యం తీసి చూపేవాణ్ణి. ఈసారి బైబిలు పేజీలు తిప్పలేదు. వాళ్ళమ్మ కొంచెం పక్కకు జరిగి, చాప మీద తట్టింది.

"రా, ఇట్ల కూర్చో."

దిగి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎదురుగా మైకు ఒంటరిగా నిలబడి ఉంది.