గుంత తాగుతుందా అని అడిగే సారు

మొన్న పొద్దున్నే మా వాచ్‌మన్ మల్లేశ్ వచ్చి, "అన్నా, రెండో అంతస్తు సారు పోయిండే" అన్నాడు.

"యాడికి, నారాయణగూడ మార్కెట్‌కా?" అన్నాను.

వాడు నవ్వలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ముందురోజు సాయంత్రమే సారు నన్ను నోరారా తిట్టారు. అంత గొంతున్న మనిషి తెల్లారేసరికి ఎట్లా పోతాడు? ఎప్పుడూ ఆటపట్టించే నా మీద కసి తీర్చుకోవడానికి ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకమనుకుంటూనే మెట్లెక్కాను. మంచం మీద చూశాక గాని నిజం తెలిసిరాలేదు. నిద్రలోనే పోయారట.

అంబర్‌పేటలో ఆయన పాత స్నేహితుడికి ఫోన్ చేస్తే, "నీ వేషాలు ఆయన దగ్గర పెట్టుకో, నా దగ్గర కాదు" అని కట్ చేశాడు. ఇంకో ఇద్దరూ అంతే. చివరికి మల్లేశ్ చేతికి ఫోన్ ఇచ్చి చెప్పించాల్సి వచ్చింది. నేనే నమ్మలేదు, వాళ్లనేం అనను?

నాది అశోక్‌నగర్‌లో జెరాక్స్ షాపు. చదువు పదో తరగతి దగ్గర నన్ను వదిలించుకుంది. కోచింగ్ పిల్లలు తెచ్చే 'ప్రభుత్వ పథకాలు' నోట్సు అచ్చేస్తానే గాని చదవను. నాకు వాటి అర్థం చెప్పింది సారే. ఆయన పాలమూరు వైపు ఊళ్లల్లో మట్టికట్టలు, చెక్‌డ్యాములు కట్టించి రిటైరైన ఇంజనీరు. సాయంత్రం షాపులో కూర్చుని ఆ కాగితాలు తిరగేసి పెదవి విరిచేవారు.

"అన్నీ రాసిన్రు గని పూడిక ముచ్చట లేదయ్యా."

"పూడికెందుకు సార్, కట్టకు సర్కారు పైసలిస్తది గద?"

"ఇస్తది. విడతలు విడతలుగ ఇస్తది. ఊరోళ్లు కూలి రూపంలనన్న తమ వాటా వెయ్యాలంటది. కట్టుడు అయినంక? మట్టి నిండితే తీసుడెవరు? దానికి పైసలడిగితే అందరు మొఖాలు తిప్పుకుంటరు. పూడిక తీస్తే రిబ్బన్ కత్తిరియ్యరు గద!"

"గరీబోళ్ల దగ్గర గూడ వాటానా?"

"వాటా ఎయ్యనోడు మల్ల అటు దిక్కు చూడడయ్యా."

చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయినప్పుడు, గేటు పక్కన ఇంకుడు గుంత తవ్వుదామన్నారు సారు. కార్పొరేషనోళ్లు తవ్వాలని ఒకరు, కింది ఫ్లాటువాళ్లు తవ్వాలని ఇంకొకరు. ఎవరూ కదలలేదు. నాకు చేతులు దురద పెట్టి, షాపు ఫోన్ నుంచి సారుతో గొంతు మార్చి మాట్లాడాను. "పై ఆఫీసు నుంచండీ. మీ గుంత సాంక్షన్ అయిందండీ."

"చాలా సంతోషం" అన్నారు సారు. "రేపు పొద్దుగాల మీరే వచ్చి మొదలువెట్టాలె. ఆఫీసరు రాకుంటే మొదటి విడత అందది."

మర్నాడు కిందికి దిగితే అపార్ట్‌మెంటంతా గేటు దగ్గరే ఉంది. సారు గడ్డపార నా చేతికిచ్చి, "రండి ఆఫీసరు గారూ" అన్నారు. తవ్వక చస్తానా! నన్ను చూసి నవ్వడానికి వచ్చినవాళ్లు కూడా మధ్యాహ్నానికి తట్టలు మోశారు.

తర్వాత సారు చుట్టాల పెళ్లికని ఊరెళ్లిన సందు చూసి, మా అసోసియేషన్ వాళ్లు గుంత అందంగా ఉండాలని అడుగున సిమెంటు చేయించారు. చుట్టూ టైల్సు. సారు తిరిగొచ్చి తొంగిచూసి అక్కడే కూలబడ్డారు.

"గిన్నె చేసిన్రు గదయ్యా! ఇగ నీళ్లు యాడికి పోవాలె?"

అందరం తలలు దించుకున్నాం. ఆయనే మెల్లగా అన్నారు. "మిమ్ములననుడెందుకు, నౌకరిల ఉన్నప్పుడు మేము గూడ గట్లనే చేసినం. ఫొటోల మంచిగ కనవడితెనే రెండో విడత వస్తుండె."

సిమెంటు పగలగొట్టించారు. అప్పటినుంచి వాన పడితే చాలు, బాల్కనీలోంచి కేక వినిపించేది.

"తాగుతుందా?"

గుంత నీళ్లు లాగుతోందా అని. నేను ఊరుకుంటానా? "లేదు సార్, కక్కుతుంది!" అనేవాణ్ణి. లుంగీ ఎగ్గట్టి, గొడుగు పట్టుకుని ధబధబా దిగేవారు. నీళ్లు సుడి తిరుగుతూ లోపలికి పోవడం చూసి, "నీ నోట్లె మన్ను వడ" అని నవ్వేవారు. అబద్ధమని ఆయనకు ప్రతిసారీ తెలుసు. అయినా దిగేవారు.

ఏటా వానలకు ముందు గుంతలోని మట్టి తీయించేదీ ఆయనే. ఈసారి ఆదివారం అనుకున్నారు. "రాకుంటే బాగుండదు, వానలు మీదికొచ్చినయి" అని ఆ చివరి సాయంత్రం నన్ను తిట్టింది అందుకే. నేను, "సాంక్షన్ రాలేదు సార్" అన్నాను. మా ఇద్దరి మధ్య అదే ఆఖరి మాట అవుతుందని ఎవరనుకుంటారు?

దినాలయ్యాక చూద్దామన్నారు అసోసియేషన్ వాళ్లు. అప్పటిదాకా వాన ఆగదు. పూడుకుపోయిన గుంతలోకి నీళ్లు దిగవు. ఆదివారం నేనే గుంతలోకి దిగాను, వెనకాలే మల్లేశ్.

"మా ఊరి చెక్‌డ్యామ్ గూడ గిట్లనే నిండిందన్నా" అన్నాడు తట్ట గట్టు మీదికి ఎత్తుతూ. "సారు కట్టిచ్చిందే. తీసెటోళ్లు లేరు."

నేను పార మళ్లీ మట్టిలోకి దింపాను. అడుగున కంకర కనిపించేదాకా ఇద్దరం ఎత్తి పోశాం. చేతులు కడుక్కుంటుండగానే వాన మొదలైంది. గేటు కింద నుంచి నీళ్లు నురగతో వచ్చి గుంతలో గిర్రున తిరిగాయి. పైకి చూశాను. బాల్కనీ గ్రిల్లుకు ఆయన గొడుగు ముడుచుకుని వేలాడుతోంది.

"తాగుతుంది సార్" అన్నాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడు కోసం చాలాసేపు తడుస్తూ నిలబడ్డాను.